కవరేజ్ ఏరియాకి బయట

ఏ మండల కేంద్రంలోనైనా సెల్ షాపు ముందు ఓ గంట నిలబడితే ఈ మాట ఒక్కసారైనా వినపడుతుంది: "సిగ్నల్ బాగా వచ్చే చిన్న ఫోన్ ఒకటి చూపించు బాబూ." అడిగేది అరవై దాటిన పెద్దాయనో, పొలం పనికి పోయే మనిషో, స్మార్ట్‌ఫోన్ తన వల్ల కాదని తేల్చేసుకున్న ఏ అమ్మమ్మో అయ్యుంటారు. కౌంటర్ వెనక కుర్రాడు తలెత్తకుండానే "అన్నీ ఒకటేనండీ, మీది ఏ సిమ్ము?" అంటాడు. కొనడానికి వచ్చినవాళ్ళు అడిగింది ఫోన్ గురించి. అతను అడిగింది సిమ్ గురించి.

ఇద్దరిలో ఎవరిది సరైన ప్రశ్న? రెండూ సరైనవే, కాకపోతే వేర్వేరు కాలాలవి. ఒకప్పుడు సిగ్నల్ అనేది ఫోన్‌కి ఉండే గుణం అనుకున్నాం. తర్వాత అది టవర్ గుణం అయింది. ఇప్పుడైతే ఎక్కడో ఢిల్లీలోనూ కంపెనీల బోర్డు రూముల్లోనూ జరిగిన నిర్ణయాల గుణం. ఈ మార్పు చరిత్ర మనం పెద్దగా రాసుకోలేదు. ఉత్తరానికీ, పోస్ట్‌మాన్‌కీ, టెలిగ్రామ్‌కీ మన కథల్లో దక్కిన చోటు సిగ్నల్‌కి ఇంకా దక్కలేదు. 2013 జూలైలో టెలిగ్రామ్ ఆగిపోయినప్పుడు కాస్త బాధపడ్డాం, జ్ఞాపకాలు రాసుకున్నాం. మీటల ఫోన్ కూడా ఇప్పుడు అదే దారి పట్టింది. తేడా ఏమిటంటే, టెలిగ్రామ్ పోయేనాటికి దాన్ని నమ్ముకుని బతికేవాళ్ళు దాదాపు లేరు. మీటల ఫోన్ మీద ఇంకా కోట్లమంది ఉన్నారు.

ముందొచ్చినవాళ్ళ తరంగం

ఇండియాలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. కలకత్తాలో రైటర్స్ బిల్డింగ్ నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో సంచార్ భవన్‌లో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. నెట్‌వర్క్ మోదీ టెల్‌స్ట్రాది. ఫోన్లు నోకియావి. ఆ రోజుల్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయలకు పైగా పడేది. వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులే. అంటే మోగుతున్న ఫోన్ చూసి సంతోషించాలో భయపడాలో తెలియని పరిస్థితి.

1994 టెలికాం విధానం దేశాన్ని సర్కిళ్ళుగా విడగొట్టి, ఒక్కో సర్కిల్‌కి ఇద్దరేసి ప్రైవేటు ఆపరేటర్లకి లైసెన్సులిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కిల్ టాటా సెల్యులార్‌కీ, జేటీ మొబైల్స్‌కీ దక్కింది. మొదటిది పేర్లు మారుతూ ఐడియాలో కలిసింది, రెండోదాన్ని భారతీ కొనుక్కుంది. ఇంకో సంగతి: 2014లో రాష్ట్రం విడిపోయినా, లైసెన్సుల లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ కలిపి ఒకటే సర్కిల్. రాజకీయ పటం మారినంత తేలిగ్గా తరంగాల పటం మారదు.

మొదట వచ్చిన ఈ కంపెనీలకి దక్కిన తరంగాలు 900 మెగాహెర్ట్జ్‌వి. తర్వాత ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ మూడో ఆపరేటర్‌గా 2002 అక్టోబర్‌లో మొబైల్ సేవలు మొదలుపెట్టినప్పుడు తనకీ 900లోనే చోటు దొరికింది. 2001 లైసెన్సులతో వచ్చిన నాలుగో ఆపరేటర్లకి మాత్రం 1800 మిగిలింది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ "మా ఊళ్ళో ఆ సిమ్ము పనిచేస్తుంది, ఈ సిమ్ము పనిచేయదు" అనే మాటకి సగం మూలం ఇక్కడే ఉంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే తరంగం పొడవు సగమవుతుంది. 900లో తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, 1800లో దాదాపు 17. పొడుగు తరంగం గోడల్లోంచి, చెట్లలోంచి కొంచెం మెరుగ్గా దూరుతుంది, ఎక్కువ దూరం పోతుంది. అదే ఊళ్ళని 1800తో కప్పాలంటే రెట్టింపుకు పైగా టవర్లు వేయాలి. ఊళ్ళల్లో నిమిషాలు తక్కువ, డబ్బులు తక్కువ. అంచేత 1800 వాళ్ళు పట్నాల్లో వేసుకున్నంత ఉత్సాహంగా పల్లెల్లో టవర్లు వేయలేదు. మందపాటి మట్టిగోడల మిద్దె ఇంట్లో, వెనక వంటగదిలో ఫోన్ మోగుతుందా లేదా అన్నది ఏ కంపెనీ ఏ ఏడాది లైసెన్సు తెచ్చుకుంది అన్నదాని మీద ఆధారపడింది.

చేపలవాళ్ళ సిగ్నల్

సిగ్నల్ విలువ ఎంత అని రూపాయల్లో లెక్కగట్టిన పరిశోధన ఒకటుంది. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించాడు. ఉత్తర కేరళ తీరంలో 1997కీ 2001కీ మధ్య మొబైల్ ఫోన్లు విడతలవారీగా వచ్చాయి: ముందు కోజికోడ్, తర్వాత కన్నూర్, చివరికి కాసరగోడ్. తీర పట్టణాల్లో పెట్టిన టవర్ల సిగ్నల్ సముద్రం మీద 20-25 కిలోమీటర్ల దాకా అందేది. అడ్డం ఏమీ లేదు కదా, నీళ్ళే.

అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో జెన్సన్ ఒక్క రోజు లెక్కతో చూపిస్తాడు. 1997 జనవరి 14న వడకరలో 11 మంది చేపలవాళ్ళు కొనేవాడు లేక సరుకు పారబోసే స్థితిలో ఉన్నారు. అదే సమయానికి 15 కిలోమీటర్ల లోపు ఉన్న రేవుల్లో 27 మంది చేపలు దొరక్క ఖాళీ చేతుల్తో ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఫోన్ వచ్చాక పడవలోంచే రేవులకి కాల్ చేసి, ధర ఎక్కడుంటే అక్కడికి పడవ తిప్పడం మొదలుపెట్టారు. వృథా దాదాపు పోయింది, పట్టేవాళ్ళ లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది.

ఈ పరిశోధనని అభివృద్ధి అర్థశాస్త్రంలో చాలామంది ఉదహరిస్తారు. నాకు దాంట్లో నచ్చింది వేరే సంగతి. ఆ టవర్లు చేపలవాళ్ళ కోసం వేసినవి కావు. పట్నంలో ఉన్న వ్యాపారుల కోసం వేసినవి. సముద్రం మీద పడిన సిగ్నల్ వాళ్ళకి పొంగిపొర్లిన మిగులు. ఆ మిగులుని పట్టుకుని చేపలవాళ్ళు తమ బతుకు మార్చుకున్నారు. మొబైల్ చరిత్రలో పేదవాళ్ళకి దక్కినదాంట్లో చాలా భాగం ఇలాంటి పొర్లిన మిగులే.

ఇంకో ఇంజినీరింగ్ ముక్క కూడా చెప్పాలి. పాత 2జీ పద్ధతిలో, అంటే జీఎస్ఎమ్‌లో, సాధారణంగా ఒక టవర్ 35 కిలోమీటర్లు దాటి పనిచేయదు. సిగ్నల్ బలహీనపడి కాదు. ఒకే తరంగాన్ని ఎనిమిది మంది వంతులేసుకుని వాడతారు. దూరంగా ఉన్న ఫోన్ మాట ఆలస్యంగా చేరితే పక్కవాడి వంతు మీద పడుతుంది. అందుకని ఫోన్ ముందుగానే మాట్లాడాలి. ఎంత ముందుగా అన్నదాన్ని లెక్కపెట్టే అంకె 63 దాకానే పోతుంది. ఒక్కో అంకె సుమారు 550 మీటర్లు. గుణిస్తే 35 కిలోమీటర్లు. ఆరు బిట్లలో ఇమిడే ఒక అంకె దగ్గర మన మాట ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఎవడో ఎప్పుడో నాలుగు బిట్లు మిగుల్చుకుందామనుకుంటే, ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకెవడికో అది ప్రపంచపు అంచు అవుతుంది.

టార్చి లైటు ఫోన్

సెల్ ఫోన్ పేదవాడి వస్తువుగా మారడం రెండు నిర్ణయాలతో మొదలైంది. 1999 టెలికాం విధానం కంపెనీల నుంచి ముందే పెద్ద మొత్తం లైసెన్సు ఫీజు వసూలు చేసే పద్ధతి తీసేసి, ఆదాయంలో వాటా తీసుకోవడం మొదలుపెట్టింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితం అయింది. చేసినవాడే డబ్బు కట్టాలి. ఆ ఒక్క నియమంతో ఫోన్ అర్థమే మారిపోయింది. రీఛార్జ్ చేయకపోయినా ఫోన్ దగ్గర పెట్టుకోవచ్చు. మిస్డ్ కాల్ అనే కొత్త భాష పుట్టింది. "చేరాను" అనడానికి ఒక మిస్డ్ కాల్, "బస్సెక్కాను" అనడానికి ఒకటి, "నువ్వే చెయ్యి, నా దగ్గర బ్యాలెన్స్ లేదు" అనడానికి ఇంకోటి. పైసా ఖర్చు లేని టెలిగ్రామ్.

సరిగ్గా అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్. మన దగ్గర "మేడ్ ఫర్ ఇండియా" అని ప్రకటించుకుంది. 86 గ్రాముల బరువు. దుమ్ము చొరబడకుండా మీటలన్నీ కలిపి ఒకే రబ్బరు పొర. చేతిలో చెమట పట్టినా జారకుండా వెనక గరుకు. తలమీద టార్చి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళలో ఆ టార్చి కోసమే కొన్నవాళ్ళు ఉన్నారు. మా వైపు చాలా ఇళ్ళలో దాన్ని కంపెనీ పేరుతో కాక "లైటు ఫోన్" అనే పిలిచేవాళ్ళు.

ఆ ఫోన్‌కి "సిగ్నల్ గట్టిది" అన్న పేరు ఎలా వచ్చింది? యాంటెన్నా అంటే బయటకి పొడుచుకొచ్చిన పుల్ల అనే అలవాటు అప్పటికే పోయింది. 1999లో నోకియా 3210తో యాంటెన్నా లోపలికి వెళ్ళి సామాన్యుల ఫోన్‌లోకి వచ్చింది. లోపలికి వెళ్ళాక ఫోన్ ఒళ్ళు మొత్తం యాంటెన్నాలో భాగం అవుతుంది. 900 తరంగానికి పావు వంతు పొడవు 8 సెంటీమీటర్ల పైచిలుకు. పది, పదకొండు సెంటీమీటర్ల పొడవుండే మీటల ఫోన్‌కి ఆ కొలత బాగానే సరిపోతుంది. ఒళ్ళు ప్లాస్టిక్. పట్టించుకోవాల్సిన తరంగాలు రెండే, 900, 1800. స్మార్ట్‌ఫోన్‌లా వైఫై, బ్లూటూత్, జీపీఎస్, పది రకాల 4జీ బ్యాండ్లు, లోహపు అంచులు ఇవన్నీ ఒకే చోట కొట్లాడుకునే అవసరం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం గొంతు. జీఎస్ఎమ్ ఫోన్ 900లో గరిష్ఠంగా 2 వాట్ల శక్తితో అరవగలదు. 1800లో 1 వాటు. ఇప్పటి 4జీ ఫోన్‌కి మామూలుగా ఉన్న హద్దు 0.2 వాటు. పదో వంతు. 2జీ ఫోన్ తన వంతు వచ్చినప్పుడే, అంటే కాలంలో ఎనిమిదో వంతు మాత్రమే మాట్లాడుతుంది కాబట్టి సగటున తేడా అంత ఉండదు. కానీ అరిచే ఆ క్షణంలో గట్టిగానే అరుస్తుంది. నమ్మకం లేకపోతే గుర్తు చేసుకోండి: ఫోన్ మోగడానికి ఒక్క క్షణం ముందు పక్కనున్న టేప్ రికార్డర్‌లోనో, టీవీలోనో "టిక్‌టిటిక్ టిక్‌టిటిక్ డుర్ర్" అని ఒక చప్పుడు వచ్చేది. సెకనుకి 217 సార్లు ఆగి ఆగి అరుస్తున్న ఫోన్ గొంతు అది. ఇప్పటి ఫోన్లకి ఆ చప్పుడు లేదు. మా తరానికి ఆ చప్పుడంటే ఎవరో మనల్ని తలుచుకుంటున్నారని.

చాలాసార్లు మనం టవర్ మాట మనకి వినపడకపోవడమే సమస్య అనుకుంటాం. నిజానికి ఊరి అంచున ఉన్నప్పుడు తరచూ జరిగేది వేరు. టవర్ గట్టిగా మాట్లాడగలదు, మన ఫోన్ మాటే దానికి చేరదు. "హలో, హలో, నీ మాట వినపడుతోంది, నాది వినపడుతోందా?" అనే సంభాషణ అందుకే అంత మామూలైంది.

ఇదే సమయంలో రెండో దారి ఒకటి నడిచింది. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కడితే ఫోన్ చేతికిస్తామంది. అది సీడీఎంఏ. 800 ప్రాంతపు తరంగాలు కాబట్టి చాలా చోట్ల బాగానే అందేది. కానీ ఆ ఫోన్లలో చాలావాటికి సిమ్ము తీసి మార్చుకునే వీలు లేదు, ఫోన్ కంపెనీకి కట్టుబడి ఉండేది. 2017 నాటికి సీడీఎంఏ మన దేశంలో దాదాపు ముగిసిపోయింది. ఫోన్లు పాడవలేదు, వాటితో మాట్లాడే టవర్లే లేకుండా పోయాయి. ఫోన్ బాగుండి, లోకం దాన్ని వదిలేయడం అప్పుడే మొదటిసారి చూశాం. అదే చివరిసారి కాదు.

గీతలు చెప్పే కథ

ఫోన్ మూలన కనపడే నాలుగైదు గీతల్ని మనం థర్మామీటర్‌లా నమ్ముతాం. అవి థర్మామీటర్ కాదు. అసలు కొలత ఒక రుణ సంఖ్య. టవర్ పక్కనుంటే మైనస్ 50 దగ్గర, ఊరి చివరకి పోతే మైనస్ 100 కిందకి. పాత జీఎస్ఎమ్ ప్రమాణం ప్రకారం ఫోన్ మైనస్ 102 దాకా వినగలగాలి. ఈ సంఖ్యలో 10 తేడా అంటే శక్తిలో పది రెట్ల తేడా. 20 అంటే వంద రెట్లు. ఈ కొలతని ఎన్ని గీతలుగా చూపాలన్నదానికి ఏ ప్రమాణమూ లేదు. తయారీదారు ఇష్టం. కోడ్‌లో అయిదారు వరసలు: ఇంతకన్నా ఎక్కువైతే అయిదు గీతలు, ఇంతకన్నా తక్కువైతే నాలుగు. అంతే.

2010 జూన్‌లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు ఎడమచేత్తో అడుగు మూల పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గోల లేచింది. లోహపు అంచునే యాంటెన్నా చేశారు, చెయ్యి తగిలితే దెబ్బ తినేది. జూలై 2న ఆపిల్ ఒక ఉత్తరం విడుదల చేసింది. గీతలు లెక్కగట్టే సూత్రం పూర్తిగా తప్పనీ, చాలా సందర్భాల్లో ఉండాల్సినదానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపుతోందనీ అందులో ఒప్పుకుంది. ప్రపంచంలోనే ఖరీదైన ఫోన్లలో ఒకటి, అందమైన అబద్ధం చెబుతోందన్నమాట. "ఈ ఫోన్‌కి సిగ్నల్ ఫుల్‌గా ఉంది, నీ దాంట్లో రెండే గీతలు" అని ఇంట్లో ఎప్పుడైనా పోల్చుకున్నారా? ఆ పోలికకి అర్థం లేదు. రెండు ఇళ్ళలో కొలపాత్రలు వేరైతే బియ్యం లెక్క కుదురుతుందా?

మరి ఏది నమ్మాలి? డెన్మార్క్‌లో ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు నార్డిక్ దేశాల మంత్రుల మండలి కోసం ఫోన్ల యాంటెన్నాలని తల, చెయ్యి బొమ్మల దగ్గర పెట్టి కొలిచి నివేదికలు ఇచ్చారు. ఒక మోడల్‌కీ ఇంకో మోడల్‌కీ మాత్రమే కాదు, ఒకే ఫోన్‌కి కుడిచేతిలో, ఎడమచేతిలో కూడా తేడా కనపడింది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా పల్లెలకి పనికొచ్చే ఫోన్లని విడిగా పరీక్షించి "బ్లూ టిక్" పెట్టేది. జ్యోతి బసు చేతిలో ఫోన్ మోగించిన భాగస్వామ్యంలో ఆ టెల్‌స్ట్రాదే సగం పేరు. మన ఫోన్ పెట్టె మీద మాత్రం కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో ఉంటుంది, శరీరం మీద రేడియేషన్ ప్రభావం చెప్పే సార్ విలువ ఉంటుంది. 2012 సెప్టెంబర్ నుంచి ఆ హద్దు కిలోకి 1.6 వాట్లు. ఫోన్ ఎంత బాగా వింటుంది, ఎంత బాగా మాట్లాడుతుంది అన్నది ఉండదు. ఫోన్‌తో చేసే మొదటి పని గురించి పెట్టె మౌనంగా ఉంటుంది.

గొంతు డేటా అయినప్పుడు

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. దానికి 2జీ లేదు, 3జీ లేదు. గొంతు కూడా డేటాగానే పోతుంది. దీన్నే వోల్టీ అంటున్నాం. సీడీఎంఏ వదిలిపోయిన ఆ 800 ప్రాంతపు తరంగాలే ఇప్పుడు జియో 4జీకి ఊళ్ళలో దన్ను. 2017 జూలైలో 1500 రూపాయల తిరిగిచ్చే డిపాజిట్‌తో జియోఫోన్ ప్రకటించారు. చూడ్డానికి మీటల ఫోన్. లోపల ఒక చిన్న కంప్యూటర్. ఇంకే సిమ్మూ పనిచేయదు. 501 రూపాయల కథకి రెండో భాగం.

ఇంజినీర్‌గా చూస్తే 2జీని ముసలిదని అనక తప్పదు. అంతే తరంగంలో 4జీ ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది. 2జీ గుప్తలేఖనం ఏనాడో బద్దలైంది. నకిలీ టవర్ ఏదో, అసలుది ఏదో ఫోన్‌కి తెలియదు. 900 లాంటి మంచి తరంగాన్ని దానికి కేటాయించి ఉంచడం అంటే ఊరి మధ్యలో పదెకరాల స్థలం ఖాళీగా ఉంచినట్టే. 2020 జూలై 31న, మొదటి కాల్‌కి సరిగ్గా పాతికేళ్ళు నిండిన రోజున, ముకేశ్ అంబానీ ఇదే వాదన చేశారు. దేశంలో ఇంకా 30 కోట్లమంది 2జీలో చిక్కుకుని ఉన్నారనీ, 2జీని చరిత్రలో కలిపేయడానికి విధానపరమైన చర్యలు తీసుకోవాలనీ కోరారు. 2జీ లేని కంపెనీ ఆ మాట అనడంలో లెక్క ఉంది. అలాగని వాదన అబద్ధం కాదు.

కానీ "చిక్కుకుని" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. మా పెదనాన్నకి డెబ్భై నాలుగు. ఒంగోలుకి ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటారు. ఆయన ఫోన్‌లో నంబర్లు సేవ్ చేసి ఉండవు. మూడు స్పీడ్ డయల్ మీటలు, మిగతావి క్యాలెండర్ వెనక రాసిన అంకెలు. ఛార్జింగ్ వారానికోసారి. స్మార్ట్‌ఫోన్ కొనిస్తానంటే "దాన్ని నేను చూసుకోవాలి. ఇదైతే నన్ను చూసుకుంటుంది" అన్నారు. ఆయన చిక్కుకుని లేరు, కుదురుకుని ఉన్నారు. ఆ కుదురుని కదిలించేది వయసు కాదు, రీఛార్జ్. ఒకప్పుడు ఇన్‌కమింగ్‌కి ఉచితంగా బతికిన నంబరు, ఇప్పుడు నెలకోసారి డబ్బు కడితేనే బతుకుతుంది. ఆ డబ్బులో ఆయన ఎన్నడూ వాడని డేటా కూడా ఉండేది. 2024 డిసెంబర్‌లో ట్రాయ్, మాటలకీ ఎస్ఎంఎస్‌లకీ మాత్రమే విడిగా ప్లాన్లు ఉండాలని నియమం తెచ్చింది. డేటా అక్కర్లేని మనుషులు ఇంకా ఉన్నారని ఒక ప్రభుత్వ సంస్థ గుర్తించడానికి అంతకాలం పట్టింది.

నంబరు పోతే పోయేది కబుర్లు మాత్రమే కాదు. పెన్షన్, గ్యాస్, బ్యాంకు, ఆధార్ అన్నీ ఓటీపీ మీద నడుస్తున్నాయి. ఆరంకెల ఆ సంఖ్య మోసుకొచ్చేది అదే పాత సిగ్నల్. మంచం మీదున్న ఫోన్‌కి ఎస్ఎంఎస్ రాకపోతే, మేడెక్కి ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగే మనిషి రాజ్యానికి తను ఉన్నట్టు రుజువు చేసుకుంటున్నాడు.

విదేశాల్లో ఇది ముందే జరిగిపోయింది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2016 చివర 2జీని, 2022 ఫిబ్రవరిలో 3జీని ఆపేసింది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 2016 డిసెంబర్‌లో 2జీని ఆపింది, 2024 అక్టోబర్ నుంచి అక్కడ 3జీ కూడా పోయింది. అత్యవసర కాల్ వోల్టీలో చేయలేని ఫోన్లని నెట్‌వర్క్‌లోకే రానివ్వకూడదని నియమం పెట్టారు. డాలస్‌కో మెల్‌బోర్న్‌కో పిల్లల దగ్గరకి వెళ్ళిన మన పెద్దవాళ్ళు ఇక్కడి మీటల ఫోన్ పట్టుకెళితే, విమానం దిగాక అది గడియారం.

ఇక మన దగ్గర రెండో అంచు ఉంది. అసలు ఏ సిగ్నలూ చేరని ఊళ్ళు. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసు కోసం మన్యంలో పిల్లలు కొండలెక్కిన ఫోటోలు అందరం చూశాం. 2021 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకి 4జీ టవర్లు మంజూరు చేసింది. మొదటి కాల్‌కి ఇరవయ్యారేళ్ళ తర్వాత. 2025 సెప్టెంబర్ 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ఝార్సుగూడలో ప్రారంభించారు. ఈ ఊళ్ళలో చాలావాటికి 2జీ నుంచి 4జీకి మారడం అన్న ప్రశ్నే లేదు. మొదటి సిగ్నలే 4జీ. అక్కడ పాత లైటు ఫోన్ ఎంత గట్టిదైనా ఎందుకూ కొరగాదు.

మరి ఏ ఫోన్ కొనాలి?

ఇంత చరిత్ర చదివాక కూడా ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ కొనాల్సింది మనమే కాబట్టి, ఆ చరిత్ర నుంచి నేను తీసుకున్న పాఠాలు చెప్తాను.

ముందు ఊరిని అడగాలి. వాళ్ళ ఇంటి వెనక గదిలో, పొలం గట్టు మీద ఏ సిమ్ము పలుకుతుందో పక్కింటివాళ్ళకి తెలిసినంత ఏ మ్యాప్‌కీ తెలియదు. తర్వాత ఆ కంపెనీ అక్కడ ఏ తరంగం మీద నడుస్తుందో చూసి, ఫోన్ పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఆ బ్యాండ్ ఉందో లేదో వెతకాలి. బి5 అంటే 850, బి8 అంటే 900, బి28 అంటే 700. ఊళ్ళకి పనికొచ్చే పొడుగు తరంగాలు ఇవే. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 ముఖ్యం, కాబట్టి ఆ సిమ్ము వాడే ఇంట్లో బి28 లేని ఫోన్ కొంటే సగం సిగ్నల్ షాపులోనే వదిలేసి వచ్చినట్టు. 2జీ మాత్రమే ఉన్న ఫోన్ ఎంత చవకైనా ఇప్పుడు కొత్తగా కొనకండి. వోల్టీ ఉండాలి, అది వాళ్ళ సిమ్ముతో పనిచేస్తుందో లేదో షాపులోనే కాల్ చేసి చూడాలి. గీతలు చూసి మోసపోవద్దు. ఒకే సిమ్ముని రెండు ఫోన్లలో మార్చి మార్చి పెట్టి, సిగ్నల్ తక్కువున్న చోట, కుడిచేత్తో ఓసారి, ఎడమచేత్తో ఓసారి మాట్లాడించాలి. అవతలివాళ్ళకి ఎలా వినపడుతోందో అడగాలి. ఎందుకంటే ముందు తెగేది మన మాటే.

ఇవన్నీ చేసినా ఫోన్ చేయగలిగింది కొంతే. మిగతాది టవర్ చేయాలి, టవర్ ఎక్కడ నిలబడాలో ఎవరో నిర్ణయించాలి.

కాల్ కలవనప్పుడు వినపడే రికార్డు వాక్యం ఒకటుంది కదా, "మీరు డయల్ చేసిన వినియోగదారుడు కవరేజ్ ఏరియాకి బయట ఉన్నారు" అని. ముప్పై ఏళ్ళుగా వింటున్నాం, దాని వ్యాకరణం గమనించలేదు. ఆ వాక్యంలో కర్త ఆ మనిషి. ఎక్కడికో వెళ్ళిపోయింది అతను. కవరేజ్ మాత్రం ఉన్నచోటే ఉంది, దాని తప్పేమీ లేదు. ఏజెన్సీ కొండ మీద పుట్టి, అక్కడే పెరిగి, ఏనాడూ ఊరు దాటని మనిషి గురించి కూడా ఆ గొంతు ఇదే చెబుతుంది. అతను ఎక్కడికీ వెళ్ళలేదు. కవరేజే అతని దాకా రాలేదు.